బొమ్మకార్లును పరిగ్రహపరిమాణమును

మనుష్యుడు తన యవసరమునకు మించిన వస్తువును కోరి తెచ్చుకొని, దాచుకొని, దానికి తోడు కాగల మఱియొక వస్తువునకై మరల వెదకుట యేల యను ప్రశ్న మన దేశమున వేదాంతులను, జైనమునులను, నీతికారులను సమానముగా వేధించినది. వారు ఆ ప్రశ్నను విచారించినప్పుడు వారి యెదుట నిలిచినవి రాజ్యములు, గోధనములు, సువర్ణరాసులు. పిడికిలిలో దాగిపోవు జింకులోహపు బొమ్మకారు వారి విచారణకు వచ్చియుండలేదు. కాని నేడు కర్నూలు, కడప పట్టణములలో ఉద్యోగములు చేయుచు సంసారభారము మోయుచున్న పెద్దవారు సైతము ఆటవస్తువుల దుకాణములలో కొక్కెములకు వ్రేలాడు అట్టలను ఒకటొకటిగా తిప్పి చూచుచు, క్రొత్తగా వెలువడిన కార్లలో దేనిని గైకొందము, దేనిని విడుతము అని తమలో తాము తర్కించుకొనుట కానవచ్చుచున్నది. ఈ తర్కమును చూచి నవ్వువారు కలరు. కాని అందు ప్రాచీనమైన యొక ధర్మసంశయము క్రొత్త వేషముతో నిలిచియున్నదని నాకు తోచుచున్నది. వస్తువు చిన్నదైనచో సంగము కూడ చిన్నదగునా? గృహస్థుడు తన కోరికకు తానే హద్దు గీచుకొన్నచో ఆ కోరిక దోషమగునా, సాధనమగునా?

విచారమునకు ముందు విషయస్వరూపము నెఱుగుట మర్యాద. ఈ బొమ్మలను డై-కాస్టు కార్లందురు. జింకులో కొంత అల్యూమినియమును, స్వల్పముగా ఇతర లోహములను కలిపి, సుమారు 400 డిగ్రీల వేడిమిలో కరగించి, ఆ ద్రవమును ఉక్కు అచ్చులలోనికి మిక్కిలి యొత్తిడితో ఎక్కింతురు. అది చూచుచుండగనే గడ్డకట్టి కారు రూపము దాల్చును. పిదప రంగు, అద్దములు, అడుగుపలక, చక్రములు చేరును. ఇంగ్లండులో ఫ్రాంక్ హార్న్‌బీ నెలకొల్పిన మెకానో సంస్థ 1934లో డింకీ టాయ్స్ అను పేరుతో ఇట్టి బొమ్మలను ప్రచారమునకు తెచ్చెను. 1953లో లెస్నీ సంస్థ మ్యాచ్‌బాక్స్ కార్లను వెలువరించెను. 1968లో అమెరికాలోని మాటెల్ సంస్థ పదునాఱు నమూనాలతో హాట్ వీల్స్ శ్రేణిని ప్రారంభించెను. డింకీవారు వాడి విడిచిన అచ్చులు కొన్ని సముద్రము దాటి కలకత్తా చేరి, అచ్చట నిక్కీ టాయ్స్ అను పేరుతో మన దేశపు పిల్లల చేతులకు కార్లనిచ్చినవి. ఆనాడు పదునాఱుతో మొదలైన హాట్ వీల్స్ శ్రేణి నేడు ఏటేట రెండువందలకు పైగా కార్లను బజారునకు పంపుచున్నది. ఇన్నిటిలో దేనిని ఎంచుకొనవలె నను సంశయము ఇందుండియే పుట్టినది.

వస్తువు అల్పము గనుక దోషమును అల్పమే యను సమాధానము సులభముగా తోచును. భాగవత పంచమస్కంధమందలి భరతోపాఖ్యానము దీనికి ప్రత్యుత్తరము. భూమండలమునెల్ల నేలిన యా రాజర్షి కుమారులకు రాజ్యమును పంచియిచ్చి, గండకీతీరమున తపమొనర్చుచు, సింహగర్జనమునకు బెదరి నదిని దుమికి ప్రాణములు విడిచిన తల్లిజింక కడుపునుండి జాఱి నీట కొట్టుకొనిపోవుచున్న పిల్లను కరుణతో ఎత్తుకొని తెచ్చెను. కరుణ పోషణమాయెను, పోషణము మమకారమాయెను, అంత్యకాలమున దానినే తలచుచు తనువు చాలించిన యా తపస్వి జింకయై జన్మించెను. సామ్రాజ్యము కట్టివేయజాలని వానిని జింకపిల్ల కట్టివేసినది. బంధము యొక్క బలము వస్తువు బరువునుబట్టి యుండదు. మనస్సు పట్టునుబట్టి యుండును. అంతియే కాదు, పెద్ద వస్తువుల విషయమున మనము జాగరూకులము. ఇల్లు కొనునప్పుడు పదిమందిని అడుగుదుము, పొలము కొనునప్పుడు పట్టాలు చూపించుకొందుము. చిన్న వస్తువునకు ఈ కాపలా లేదు. కొలదిపాటి వెలకు లభించు బొమ్మకారును కొనునప్పుడు ఎవ్వరిని అడుగము, మనలను మనమైన అడుగుకొనము; అందుచేతనే అది కావలి లేని ద్వారమున ప్రవేశించి, వెనుక నూఱింటికి దారి చూపును.

రెండవ ఆక్షేపణము జ్ఞానసంబంధమైనది. ఒక్క అచ్చులో పోసిన కారే ఈ యేడు ఎఱ్ఱని రంగుతోను, మఱుసటి యేడు నీలపు రంగుతోను, ఆ పై యేడు చక్రముల తీరు మాఱియు వెలువడును. సేకరించువాడు మూటిని కొని మూడు వస్తువులు సంపాదించితి ననుకొనును. ఛాందోగ్యమున ఉద్దాలకుడు కుమారుడగు శ్వేతకేతువునకు మట్టిని, బంగారమును, ఇనుమును నిదర్శనములుగా చూపి, వికారములు పేరుకు మాత్రమే వేఱనియు, మూలద్రవ్యమే సత్యమనియు బోధించెను. ఆ దృష్టికి మూడు కార్లును ఒక్క జింకుముద్దయే. కాని కర్నూలు మండలమునందే, తుంగభద్రాతీరమున మంత్రాలయమున, 1671లో బృందావనప్రవేశ మొనర్చిన రాఘవేంద్రస్వామి యనుసరించిన మధ్వమతము వేఱొక మాట చెప్పును. ఆ మతమున పంచభేదములును సత్యములే. వానిలో జడమునకు జడమునకు గల భేదమును చేరియున్నది. ఎఱ్ఱని కారునకును నీలపు కారునకును గల భేదము భ్రాంతి కాదు. దానిని గుర్తించు చూపు అజ్ఞానము కాదు. ఈ రెండు మతముల వివాదమును తీర్చు శక్తి బొమ్మకారునకు లేదు. అయినను రెండు మతములవారును అంగీకరింపదగిన ప్రశ్న యొకటి మిగిలియున్నది. భేదమును గుర్తించినవాడు ఆ గుర్తింపుతో ఏమి చేయుచున్నాడు?

ఈ ప్రశ్నకు కడపయే యొక గొప్ప ఉదాహరణమును చూపగలదు. చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ 1820లో కడపకు ఉద్యోగియై వచ్చెను. తరువాతి కాలమున అచ్చట బంగళా కొని, పండితులను జీతములిచ్చి నిలిపి, తెలుగు తాళపత్రములను సేకరింపజేసెను. ఒకే కావ్యమునకు, ఒకే శతకమునకు అనేక ప్రతులు తెప్పించెను. ఒక్క ప్రతి చాలదా, ఇన్ని యేల యని నాడు నవ్వినవారు లేకపోరు. కాని ప్రతికిని ప్రతికిని గల పాఠభేదమును పోల్చి చూచుటయే ఆయన ప్రయోజనము. ఆ పోలికనుండియే 1829లో ఆంగ్లానువాదముతో వేమన పద్యములు అచ్చుపడినవి. రెండు విషయములు ఇందు గమనింపదగినవి. ఎన్ని ప్రతులు చేరినను ముద్రించునప్పుడు ఒక్క పాఠమును ఎంచి తక్కినవానిని ప్రక్కకు పెట్టవలసివచ్చెను. సేకరణమునకు సార్థకత ఆ యెంపికయందే కలిగినది. రెండవది, ఆ తాళపత్రములు ఆయన పెట్టెలలోనే ముగిసిపోలేదు. మదరాసు గ్రంథాలయములకు చేరి పరులకు చదువదగినవైనవి. కడపలో ఆయన బంగళా యుండిన తావున నేడు ఆయన పేర భాషాపరిశోధనకేంద్రమును గ్రంథాలయమును నడచుచున్నవి. ఎంచుట, పంచుట అను రెండు కార్యములచే ఆ సేకరణము లోభము కాకపోయినది.

ఈ కొలతతో చూచినచో బొమ్మకార్ల లోకమున మిక్కిలి వివాదాస్పదమైన యాచార మొకటి కలదు. కొందఱు కారును అట్టనుండి విడదీయరు. పారదర్శకమైన గుల్లలో, అట్టమూల నలగకుండ, దానిని అట్లే గోడకు తగిలింతురు. గుల్ల విప్పినచో విలువ తగ్గునందురు. మఱికొందఱు కొన్ననాడే విప్పి, వ్రేలితో దొర్లించి, పిల్లల చేతికిచ్చి, రంగు రాలినను చింతింపరు. ధనమునకు దానము, భోగము, నాశము అని మూడే గతులనియు, మొదటి రెంటిని ఎఱుగనివాని ధనమునకు మూడవదే గతియనియు భర్తృహరి నీతిశతకము చెప్పుచున్నది. గుల్లలోని కారునకు దానము లేదు, భోగము లేదు. మూడవ గతియైనను దానిని విడుచునా? యుద్ధపూర్వకాలపు డింకీ కార్లలో పెక్కు, ఎవ్వరును తాకకున్నను, అల్మరలలో ఉన్నచోటనే ఉబ్బి, పగుళ్లువాఱి, పొడియై రాలిపోయినవి. జింకులో సీసము మొదలైన మలినములు స్వల్పముగా కలిసిపోయినచో లోహము ఏండ్ల తరబడి లోలోపల క్షయించునని లోహశాస్త్రజ్ఞులు తేల్చిరి. నాశము బయటినుండి వచ్చునని గుల్ల కట్టితిమి. అది అచ్చుపోసిననాడే లోపల కూర్చుండియున్నది. భోగింపకుండుట త్యాగమని భ్రమించువానికి ఇంతకంటె స్పష్టమైన పాఠము దొరకదు. ఈశావాస్యము మొదటి మంత్రమున ఉపదేశించినది త్యాగపూర్వకమైన అనుభవమును. గుల్లకట్టి దాచుటయందు ఆ త్యాగమును లేదు, ఆ యనుభవమును లేదు.

అరుదైన దానికై వెదకులాట మఱియొక ఘట్టము. 1995లో హాట్ వీల్స్‌వారు ట్రెజర్ హంట్ అను పేర పండ్రెండు కార్లను, ఒక్కొక్కటి పదివేల చొప్పున మాత్రమే చేసి, సాధారణపు కార్ల నడుమ కలిపి పంపిరి. 2007 నుండి మెఱుగు రంగును రబ్బరు చక్రములును గల మేలురకమును వేఱుగా నిలిపిరి. అది మొదలు వేటగాండ్రు బయలుదేఱిరి. రాయలసీమవారికి ఈ వేట అపూర్వము కాదు. తొలకరి వానలు కురిసి ఎఱ్ఱనేల కడుగబడినంతనే తుగ్గలి, జొన్నగిరి ప్రాంతపు చేలలో జనులు మూటాముల్లెలతో చేరి, తలలు వంచి, వజ్రములకై వెదకుదురు. వారిలో అప్పుల బాధ పడువారు, వానకై ఎదురుచూచి విసిగినవారు పెక్కురు. ఒక్క రాయి దొరికినచో సంసారమే మాఱునను ఆశ వారిని నడపును. దానిని నిందింప నాకు నోరు రాదు. కాని బొమ్మకార్ల వేటగాడు దుకాణము తలుపు తెఱచినంతనే లోపలికి పోయి, పెట్టెలు విప్పించి, అరుదైనదానిని తనకును, తక్కిన మంచివానిని మాఱుబేరమునకును ఊడ్చుకొని పోయినచో, సాయంకాలమున తండ్రి చేయి పట్టుకొని వచ్చిన బాలునికి మిగులునది ఖాళీ కొక్కెము. తొలకరి చేనిలో వజ్రము దొరికినవాడు తన ప్రక్కవానికి ముందు ఉన్నదేదియు తీసివేయలేదు. ఇచ్చట ఒకని లాభము మఱియొకని లోటుగా మాఱుచున్నది. పరిగ్రహము, అనగా వస్తువులను స్వీకరించి కూడబెట్టుట, స్వంత ఆత్మకు మాత్రమే కీడు గాక పరహింసగా కూడ పరిణమించునని జైనులు ఏల చెప్పిరో ఇచ్చట బోధపడును.

మఱియొక వ్యసనము సమగ్రతాకాంక్ష. ఒక శ్రేణిలో ఐదు కార్లున్నచో నాలుగు సంపాదించినవానికి ఆ నాలుగును ఆనందము నీయవు; లేని ఐదవది వానినెల్ల పేదవానిగా చేయును. నల్లమలలోని అహోబిలమున నవనారసింహ క్షేత్రములు కలవు. ఎగువకొండ చేరి, జ్వాలా నృసింహుని, మాలోలుని, పావనుని దర్శించుటకు అడవిదారిలో ఎంతో శ్రమ కలదు. వృద్ధులు కొందఱు రెండు మూడు మూర్తులను సేవించి దిగివత్తురు. అట్లు వచ్చినవానికి దేవుడు తొమ్మిదింట మూడు పాళ్లే లభించెనని ఏ అర్చకుడును చెప్పడు. ప్రతి మూర్తియందును స్వామి పూర్ణుడే. తొమ్మిదింటిని దర్శింపగోరుట భక్తి; దర్శింపని దానికై దర్శించినదానిని తక్కువగా చూచుట మాత్రము లోభము. బొమ్మకార్ల శ్రేణులకు దైవత్వము లేదు. అయినను చేతనున్న యొక్క దానియందు తృప్తి కలుగనివానికి ఐదింటియందును కలుగదన్న న్యాయము రెండుచోట్లను ఒక్కటే. ఐదవది వచ్చిననాడే ఆఱవది వెలువడును.

అట్లయినచో సర్వమును విడుచుటయే మార్గమా? కడప మండలమున పెన్న యొడ్డున, జమ్మలమడుగు ప్రాంతమున, దానవులపాడను చోట ఇసుకలో పూడిపోయిన జైనక్షేత్రమును ఇరువదవ శతాబ్దారంభమున త్రవ్వి తీసిరి. రాష్ట్రకూట చక్రవర్తి మూడవ ఇంద్రుడు అచ్చట తీర్థంకరుడగు శాంతినాథుని అభిషేకమునకు పీఠము చేయించెను. శ్రీవిజయుడను దండనాయకుడు శత్రువులను గెలిచిన పిదప సర్వసంగములను విడిచి సన్న్యాసవిధిని దేహము చాలించెనని అచ్చటి స్తంభశాసనము తెలుపుచున్నది. ఇది అపరిగ్రహమునకు పరాకాష్ఠ. కాని ఆ మతమే ముని వేఱు, శ్రావకుడు వేఱు అని గుర్తించినది. ముని సర్వమును విడువవలెను. ఇల్లు, వాకిలి, భార్యాపుత్రులు గల శ్రావకునికి విధించిన అణువ్రతము పరిగ్రహపరిమాణము: నాకు ఇంతవఱకే, ఇంతకు మించి వలదని ముందుగా మేర గీచుకొనుట. ఈ "ముందుగా" అనునది వ్రతమునకు ప్రాణము. వస్తువును చూచిన పిదప గీచిన గీత వస్తువు చుట్టు తిరుగును. చూడకమునుపు గీచినదే నిలుచును.

మేర గీచుట రాయలసీమవారికి పరాయివిద్య కాదు. కడప మండలమున పోరుమామిళ్ల చెఱువును విజయనగరపు బుక్కరాయల కుమారుడు భాస్కర భవదూరుడు కట్టించెను. 1369 నాటి దాని శాసనము మంచి చెఱువునకు పండ్రెండు అంగములను, ఆఱు దోషములను వివరించినది. ఆ దోషములలో రెండు విచిత్రములు. నీరు స్వల్పమై తడుపవలసిన నేల విస్తారమగుట దోషము. నీరు అధికమై నేల స్వల్పమగుటయు దోషమే. వాన చుక్కకై మొగము వాచిన దేశమున సైతము నీరు ఎంత యెక్కువైన అంత మేలని శాసనకర్త వ్రాయలేదు. మనస్సునకును ఇదియే నీతి. దానికి పారుటకు తగినంత నేల, అనగా ఆ వస్తువులను చూచుటకు, తెలిసికొనుటకు, ఇతరులకు చూపుటకు తగినంత తీఱిక ఉన్నంతవఱకే కోరిక చెఱువు నీరు. మించినది కట్టను కోయును.

హద్దు కోరికను చంపునని భయపడువారు మ్యాచ్‌బాక్స్ పుట్టుకను స్మరింపవలెను. లెస్నీ సంస్థలో భాగస్వామియగు జాక్ ఓడెల్ కుమార్తె చదువు బడిలో, అగ్గిపెట్టెలో ఇమిడెడు బొమ్మలను మాత్రమే పిల్లలు తెచ్చుకొనవచ్చునను నియమముండెను. ఆ నియమమును మీఱకుండ తండ్రి ఒక చిన్న రోడ్డురోలరును ఇత్తడితో చేసి యిచ్చెను. తక్కిన పిల్లలందఱును అట్టిదే కావలె ననిరి. ఒక బడి గీచిన మేరనుండి ప్రపంచమంతట వ్యాపించిన యొక కళ పుట్టినది. మితి లేనిచో ఆ చిన్నదనమే లేదు. ఆ చిన్నదనము లేనిచో ఈ ప్రీతియే లేదు. అట్టి వస్తువును మితిలేక కూడబెట్టువాడు దాని జన్మరహస్యమునే మఱచినవాడు.

ఇక క్రొత్తవానిని ఎంచుట యెట్లు? మన యిండ్లలో బొమ్మల కొలువు పెట్టువారు, కోస్తాలో సంక్రాంతికిని, తమిళ కన్నడ దేశముల పొరుగున దసరాకును, మెట్లమీద పాతబొమ్మలనే మరల నిలిపి, ఏటేట ఒక్క క్రొత్త బొమ్మనైనను చేర్చుదురు. ఆ ఒక్కదానిని ఎంచుటకు గృహిణి ఎంత ఆలోచించునో చూచినవారికి తెలియును: మెట్టుమీద దానికి చోటున్నదా, పాతవానితో పొసగునా, పేరంటమునకు వచ్చినవారికి దానిని గూర్చి చెప్పుటకు ఒక కథ యున్నదా? ఈ మూడు ప్రశ్నలకు మించిన శాస్త్రము బొమ్మకారు కొనువానికిని అక్కఱలేదు. ఒకడు తన బాల్యమున కర్నూలు కడప బాటలమీద తిరిగిన వాహనముల తీరులు మాత్రమే చాలునని నియమించుకొనవచ్చును. ఇంకొకడు ఒక్క అరకు మించనని, క్రొత్తది వచ్చినచో పాతదొకటి ఎవరికైన ఈయవలెనని కట్టడి చేసికొనవచ్చును. ఏది యైనను, అట్టను చేతబట్టకమునుపే చేసికొని, ఇంటిలో నొకరికి తెలియజెప్పవలెను. జైనులు వ్రతమును గురుసన్నిధిని స్వీకరించుట ఇందులకే. తనకు తానొక్కడే సాక్షియైనచో గీత రాత్రికి రాత్రి జరుగును.

ఇట్టి నియమము కూడ అహంకారమునకు వేషమే కావచ్చును, తాను మితముగా సేకరింతునని గర్వించువాడు అమితముగా సేకరించువాని అన్నయే యని పూర్వపక్షి అనవచ్చును. ఒప్పుకొందును. అందుచేత వ్రతమునకు పరీక్ష వ్రతస్థుని మాటలో లేదు. విడిచిన కారు విషయమున ఉన్నది. దుకాణమున చూచి, మేరకు వెలుపలిదని కొక్కెమునకు మరల తగిలించిన దానిని మఱొకడు కొనిపోయినప్పుడు మనస్సు కలత చెందకున్నచో నియమము ఫలించినది; ఇంటికి వచ్చిన చుట్టపు పిల్లవాడు అరలోని యొకదానిని చేతబట్టి విడువకున్నప్పుడు, పెద్దవాడు దాని వెలను గాక వాని మొగమును చూడగలిగినచో ఇంకను ఫలించినది. శ్రీవిజయుని త్యాగము కొద్దిమందికే సాధ్యము. భరతుని పతనము ఎల్లరకును సాధ్యము. ఈ రెంటి నడుమ గృహస్థుడు నడువవలసిన దారి ఎంతవఱకు అను ప్రశ్నతో ఆరంభమగును. దానికి ముందుగా సమాధానము చెప్పుకొన్నవానికి ఏది అను ప్రశ్న వినోదము. చెప్పుకొననివానికి అదియే దాస్యము.